కథకు కొలత నేర్పిన దర్శకుడు: కదిరి వెంకటరెడ్డి

ఒక దేశములో పుట్టిన కథ మరియొక దేశమునకు వలస పోవుట క్రొత్త సంగతి కాదు. మన పంచతంత్రము పారశీక, అరబ్బీ భాషల మీదుగా ప్రయాణము చేసి యూరపు ఖండము చేరినది. అట్లే అక్కడి కథలు ఇక్కడికి వచ్చినవి. అయితే వచ్చిన ప్రతి కథయు మన ఇంటి కథ కాలేదు. కొన్ని అతిథులవలె రెండు దినములుండి వెళ్ళిపోయినవి. కొన్ని మాత్రము మన పంక్తిలో కూర్చుండి, మన మాట నేర్చుకొని, ఏ ఊరినుండి వచ్చినవో మనమే మరచిపోవునంతగా మనలో కలిసిపోయినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాతి పదేండ్లలో, తెలుగు చలనచిత్రములందు ఇట్టి కార్యమును సాధించినవారిలో ముందుగా చెప్పుకొనదగినవారు కదిరి వెంకటరెడ్డిగారు. లోకము ఆయనను కె. వి. రెడ్డి అని పిలిచినది.

ఆయన పండిత కుటుంబములో పుట్టి కావ్యములు వల్లించినవారు కారు. రంగస్థలముపై పేరు తెచ్చుకొన్న నటులు కారు. ఒక చిత్రనిర్మాణ సంస్థలో డబ్బు లెక్కలు వ్రాసుకొను ఉద్యోగిగా జీవితము ప్రారంభించినారు. ఆ లెక్కల పుస్తకమునుండి 'మాయాబజార్' వరకు ఆయన నడచిన దారి విద్యార్థులు తెలిసికొనదగినది.

వెంకటరెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించినారు. తాడిపత్రి పెన్నానది ఒడ్డున ఉన్న పాత పట్టణము. బుగ్గ రామలింగేశ్వరుని గుడి, చింతల వెంకటరమణుని గుడి, వాని శిల్పసంపద ఆ ఊరికి ప్రసిద్ధి తెచ్చినవి. చిన్నతనముననే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు బంధువుల ప్రాపున పెరిగి, మద్రాసులో భౌతికశాస్త్రము చదివి పట్టభద్రుడైనాడు. ఆ రోజులలో రాయలసీమలోని చిన్న పట్టణమునుండి మద్రాసు వెళ్ళి పట్టా పుచ్చుకొన్నవాడు సర్కారు కొలువునకో, ఉపాధ్యాయ వృత్తికో పోవుట పరిపాటి. వెంకటరెడ్డిగారిని సినిమావైపు త్రిప్పినది స్నేహము. తాడిపత్రికే చెందిన ధనిక వ్యాపారి మూలా నారాయణస్వామి ఆయనకు మిత్రుడు. ఈ మిత్రుని ధనమే తరువాతి కాలమున తెలుగు సినిమాకు ఒక పెద్ద అండ అయినది.

1938లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున రోహిణీ సంస్థ 'గృహలక్ష్మి' చిత్రమును తీసినది. అందులో వెంకటరెడ్డిగారు కాషియరుగా చేరినారు. తరువాత బి. ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి మొదలగువారు కలిసి వాహినీ సంస్థను స్థాపించినప్పుడు ఆయన ప్రొడక్షన్ మేనేజరు అయినారు. 'వందేమాతరం' 1939లోను, 'సుమంగళి' 1940లోను, 'దేవత' 1941లోను వెలువడినవి. మూడింటికిని బి. ఎన్. రెడ్డియే దర్శకుడు. నిరుద్యోగము, వితంతు వివాహము వంటి సాంఘిక సమస్యలు వాని ఇతివృత్తములు.

ఈ మూడు చిత్రముల కాలమున వెంకటరెడ్డిగారు నేర్చినది ఏ పుస్తకములోను దొరకని విద్య. ఒక దృశ్యమును చిత్రించుటకు ఎన్ని అడుగుల ఫిల్ము ఖర్చగును, ఒక సెట్టు వేయుటకు ఎన్ని దినములు పట్టును, నటుడు ఆలస్యముగా వచ్చినచో ఎంత నష్టము, తీసి పారవేసిన దృశ్యము విలువ ఎంత అను లెక్కలన్నియు ఆయనకు కరతలామలకములు. కథారచన చేయు చేతికి ఈ లెక్క తెలియకపోవుట వలన ఎన్నో సంస్థలు మునిగినవి. వెంకటరెడ్డిగారు లెక్కల వైపునుండి కథవైపు వచ్చినారు కాబట్టి, ఆయన చేతిలో కథకు మొదటినుండియు ఒక కొలత ఏర్పడినది.

ఆయన దర్శకులైన సమయము కూడ కొలతల సమయమే. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. మద్రాసు నగరమునుండి జనము గుంపులు గుంపులుగా ఊళ్ళకు తరలిపోయినారు. ఫిల్ము విదేశములనుండి రావలసిన వస్తువు. ఓడలు యుద్ధపు పనిలో ఉన్నవి. ప్రభుత్వము యుద్ధకాలమున కథాచిత్రముల నిడివిని 11,000 అడుగులకు పరిమితము చేసినది. అనగా తెరమీద సుమారు రెండు గంటల కాలము. పాటలు, పద్యములు, హాస్యము, కన్నీరు అన్నియు మూడు గంటలకు తక్కువ కాకుండ చూచుటకు అలవాటుపడిన ప్రేక్షకులకు అది క్రొత్త కట్టుబాటు.

ఇట్టి గడ్డుదినములలో తయారై 1943 జనవరిలో విడుదలయిన 'భక్త పోతన' ఆయన మొదటి చిత్రము. పోతనగా చిత్తూరు నాగయ్య, శ్రీనాథునిగా జంధ్యాల గౌరీనాథశాస్త్రి నటించినారు. రాజాశ్రయమును కాదని హలము పట్టిన కవిజీవితము ఆ చిత్రమునకు వస్తువు. యుద్ధభయముతో, ధరల పెరుగుదలతో కలవరపడుచున్న ప్రజలకు ఆ నిరాడంబరత మనస్సునకు ఊరట నిచ్చినది. చిత్రము గొప్ప విజయము పొందినది. లెక్కలు వ్రాసిన మనిషి దర్శకుడుగా నిలువగలడా అను సందేహము దానితో తీరినది.

తరువాతి చిత్రము 'యోగి వేమన'. 1947లో విడుదలయినది. వేమనగా నటించినవారు మరల నాగయ్యగారే. వేశ్యపై మోహముతో ఇల్లు మరచిన యువకుడు, బంగారము చేయు విద్యకై ప్రాకులాడి, అది చేతికి చిక్కిన సమయమునకే తాను ప్రాణముగా ప్రేమించిన అన్నగారి చిన్న బిడ్డను పోగొట్టుకొనును. బంగారము ఉన్నది, బిడ్డ లేదు. ఆ శూన్యమునుండి యోగి పుట్టును. ఈ సన్నివేశమును వెంకటరెడ్డిగారు పెద్ద మాటలతో కాక మౌనముతో నడిపినారు. విమర్శకులు మెచ్చుకొన్నారు. డబ్బు మాత్రము 'పోతన'కు వచ్చినట్లు రాలేదు.

ఈ చిత్రమును గూర్చి చెప్పునప్పుడు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పాఠకులకు ఒక సంగతి తోచును. నల్లమల కొండలకు తూర్పున ఉన్న ఈ సీమ 1970 వరకు కర్నూలు జిల్లాలో భాగము. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరినది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశముగారి పేరు పెట్టినారు. కాబట్టి వెంకటరెడ్డిగారి గొప్ప చిత్రములన్నియు వచ్చిన కాలమున మార్కాపురమును, గిద్దలూరును రాయలసీమలోనివే. ఆయన స్వస్థలమునకు ఇరుగుపొరుగు సీమలే. మార్కాపురము పలకరాతికి పేరుపొందిన ఊరు. అక్కడి గనులలో చీల్చిన రాయి పలకగా మారి, చట్రము బిగించుకొని, ఎన్నో బడులకు చేరినది. తెలుగుపిల్లవాడు ఓనమాలు దాటి మొట్టమొదట నేర్చు పద్యములలో వేమనవి ముఖ్యమైనవి. పలకమీద వ్రాసి చెరిపివేసిన ఆ పద్యముల వెనుక ఒక మనిషి ఉన్నాడని, అతడు తప్పులు చేసి, ఏడ్చి, నేర్చుకొన్నవాడని తెరమీద చూపినది 1947 నాటి ఆ చిత్రము. వేమన జీవితమునకు చరిత్ర ఆధారములు స్వల్పము. చిత్రములోని కథ చాలవరకు జనశ్రుతిపై ఆధారపడినది. అయినను పద్యమును మనిషితో కలిపి చూచు అలవాటును అది ప్రజలకు కలిగించినది.

ఇదే కాలమున బ్రిటనులో చలనచిత్రముల స్థితి ఎట్లుండినదో చూచినచో వెంకటరెడ్డిగారి తరువాతి అడుగు విలువ తెలియును. యుద్ధము ముగిసిన మరుసటి సంవత్సరము, 1946లో, బ్రిటిషు ప్రజలు సినిమాహాళ్ళలో కొన్న టిక్కెట్లు 163 కోట్లకు పైబడినవి. బాంబులకు కూలిన ఇండ్లు, రేషను రొట్టె, చలికి బొగ్గు చాలని శీతకాలములు, వీని నడుమ వారికి హాలు ఒక్కటే వెచ్చని చోటు. కాని ఆ హాళ్ళలో ఆడిన చిత్రములలో అధికభాగము అమెరికావి. ప్రజల డబ్బు సముద్రము దాటి పోవుచున్నదని 1947 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము అమెరికా చిత్రములపై నూటికి 75 వంతుల సుంకము విధించినది. అమెరికా సంస్థలు క్రొత్త చిత్రములు పంపుట మానివేసినవి. 1948 మార్చిలో రాజీ కుదిరి సుంకము తొలగినది. ఈ లోపుగా ఖాళీని నింపుదమని స్వదేశ చిత్రములపై విస్తారముగా ధనము గుమ్మరించిన ఆర్థర్ రాంక్ సంస్థ పెద్ద నష్టములలో పడినది. 1949లో ప్రభుత్వమే ముందుకు వచ్చి 50 లక్షల పౌండ్లతో చలనచిత్ర ఆర్థిక సంస్థను స్థాపించినది. అందులో 30 లక్షలు బ్రిటిష్ లయన్ అను ఒక్క కంపెనీకే పోయినవి. 1954లో ఆ కంపెనీ దివాలా స్థితికి రాగా, ప్రభుత్వము ఇచ్చిన అప్పు వసూలు కాలేదు.

డబ్బు చిక్కులు ఇట్లుండగా, అక్కడి దర్శకులు తమ సొంత సాహిత్యమును ఆశ్రయించి పేరు నిలుపుకొన్నారు. డేవిడ్ లీన్ డికెన్సు నవలలను రెండింటిని చిత్రములుగా తీసినాడు. లారెన్సు ఒలివియర్ షేక్స్పియరు నాటకములకు పూనుకొన్నాడు. యుద్ధకాలమున 1944లో 'ఐదవ హెన్రీ', తరువాత 1948లో 'హామ్లెట్' తీసినాడు. పూర్తిగా ఆడినచో నాలుగు గంటలు దాటు 'హామ్లెట్' నాటకమును రెండున్నర గంటలకు తగ్గించి, కొన్ని పాత్రలను పూర్తిగా తొలగించినాడు. షేక్స్పియరును కత్తిరించుట అపచారమని కొందరన్నారు. కాని ఆ చిత్రము ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా అమెరికావారి ఆస్కారు బహుమతిని పొందినది. అమెరికాది కాని చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదే మొదలు. కవి పుట్టిన దేశములోనే, కవి భాషలోనే తీసిన చిత్రమునకు సైతము నాటకమును విప్పి మరల కుట్టవలసి వచ్చినదన్న మాట.

'హామ్లెట్' వెలువడిన మరుసటి ఏడాదియే మద్రాసులో వెంకటరెడ్డిగారు షేక్స్పియరు కథ నొకదానిని చేతికి తీసికొన్నారు. అది 'కింగ్ లియర్'. మన కళాశాలలలో ఆంగ్లసాహిత్యము చదివినవారందరు ఎరిగిన కథ. ముసలిరాజు తన ముగ్గురు కూతుళ్ళను పిలిచి, తనను ఎవరెంత ప్రేమింతురో చెప్పుమనును. పెద్దవారిద్దరు తీయగా పొగడుదురు. చిన్నకూతురు కార్డీలియా ఉన్నమాట చెప్పి తండ్రి ఆగ్రహమునకు గురియగును. తరువాత తండ్రి అడవుల పాలగును. చివరకు తండ్రియు కూతురును ఇరువురు మరణింతురు. ఆ విషాదాంతమును ఉన్నదున్నట్లు తెలుగులో పెట్టినచో నాలుగు పట్టణములలోని చదువుకొన్నవారు మెచ్చుకొందురు. పల్లె ప్రజలు హాలునుండి భారమైన మనస్సుతో వెళ్ళి మరల రారు. వెంకటరెడ్డిగారికి ఈ సంగతి తెలియును. లియర్ కథకు తెలుగు ఇంటిలో చోటు ఎక్కడ దొరకునో ఆయన వెదకినారు.

ఆ చోటు మూలములోనే ఉన్నది. కార్డీలియా తండ్రికి ఇచ్చిన సమాధానములో ఒక చిన్న అంశము కలదు. తాను పెండ్లి చేసికొన్నచో తన ప్రేమలో సగము భర్తకు చెందునని ఆమె భావము. ఆంగ్ల నాటకములో అది అంతటితో ఆగిపోవును. తెలుగు కథారచయిత పింగళి నాగేంద్రరావు, వెంకటరెడ్డిగారు కలిసి ఆ చిన్న దారమునే పట్టి వస్త్రమంతయు నేసినారు. ఉగ్రసేన మహారాజు షష్టిపూర్తి నాడు కూతుళ్ళను ప్రశ్నించును. రూపసుందరి, హేమసుందరి తండ్రియే సర్వమందురు. చిన్నది గుణసుందరి, స్త్రీకి పతియే ముఖ్యమని తన మనస్సులోని మాట చెప్పును. కోపించిన రాజు ఆమెను ఒక కురూపికి, వికలాంగునికి ఇచ్చి పెండ్లి చేయును. అతడు శాపగ్రస్తుడైన రాజకుమారుడు. రాజునకు జబ్బు చేయుట, మహేంద్రమణికై అల్లుళ్ళు బయలుదేరుట, పెద్ద అల్లుళ్ళ మోసము, చివరకు శాపవిమోచనము, ఇవన్నియు మన పేదరాసి పెద్దమ్మ చెప్పు కథల బాణీలో నడచినవి. విషాదము పోయి మంగళాంతము వచ్చినది.

ఈ 'గుణసుందరి కథ' 1949 డిసెంబరు 29వ తేదీన విడుదలయినది. గుణసుందరిగా శ్రీరంజని, రాజుగా గోవిందరాజుల సుబ్బారావు, దైవాధీనముగా కస్తూరి శివరావు నటించినారు. చూచినవారిలో ఎక్కువమందికి ఇది షేక్స్పియరు కథ అను ఊహయే కలిగి ఉండదు. అదే దాని విజయము. నేటి పాఠకులు పతియే సర్వమను ఆ ఆదర్శమును ప్రశ్నింపవచ్చును, ప్రశ్నించుట న్యాయమే. అయినను పొగడ్తకు రాజ్యము, నిజమునకు శిక్ష దొరకు కొలువు ఎట్లుండునో చూపుటలో ఆ చిత్రము మూలమునకు ద్రోహము చేయలేదు. బ్రిటనులో పీటర్ బ్రూక్ దర్శకత్వమున 'కింగ్ లియర్' చిత్రము వచ్చినది 1971లో. అప్పటికి తెలుగు లియర్ వయస్సు ఇరువది రెండేండ్లు.

బ్రిటనులో చిత్రములకు ప్రభుత్వము అండ నిలిచినదని చెప్పితిమి. మన దేశములోను 1949లోనే ఎస్. కె. పాటిల్ అధ్యక్షతన ఒక విచారణ సంఘము ఏర్పడి, 1951లో నివేదిక సమర్పించి, ఇట్టి ఆర్థిక సంస్థ కావలెనని సూచించినది. ఆ సంస్థ ఏర్పడినది 1960లో. అంతవరకు తెలుగు చిత్రములకు సర్కారు అప్పు లేదు. ఉన్నదెల్ల స్నేహితుని పెట్టుబడి, పంపిణీదారుని అడ్వాన్సు. మూలా నారాయణస్వామి అట్టి స్నేహితుడు. వాహినీ స్టూడియో నిర్మాణమునకు ఆయన ధనము వెన్నెముక. ఆయన ఆర్థికమైన చిక్కులలో పడి, 1950లో చిన్న వయస్సులోనే కన్నుమూసినారు. తెరమీద ఆయన ముఖము ఎవరును చూడలేదు. కాని ఆయన లేనిచో 'పోతన', 'వేమన', 'గుణసుందరి' వచ్చి ఉండెడివా అన్నది ఆలోచింపవలసిన ప్రశ్న.

వాహినీ స్టూడియో నిర్వహణ బి. ఎన్. రెడ్డి తమ్ముడైన నాగిరెడ్డి చేతికి వచ్చినది. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947లో 'చందమామ' మాసపత్రికను ప్రారంభించినవారని విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. వారి విజయా సంస్థ రెండవ చిత్రమునకు వెంకటరెడ్డిగారు దర్శకులైనారు. అదే 1951 మార్చి 15న విడుదలయిన 'పాతాళభైరవి'. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' దానికి మూలము. తోటరాముడుగా ఎన్. టి. రామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్. వి. రంగారావు నటించినారు. సంగీతము ఘంటసాల, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లే, మాటలు పాటలు పింగళి.

అద్భుత కథలను తెరకెక్కించుటలో బ్రిటనుకు అప్పటికే పేరు ఉన్నది. అలెగ్జాండర్ కోర్డా 1940లో వెలువరించిన 'బాగ్దాదు గజదొంగ'లో నటించిన సాబూ మైసూరు రాజ్యములోని మావటివాని కొడుకు. అదే సాబూ నటించిన 'బ్లాక్ నార్సిసస్' 1947లో వచ్చినది. హిమాలయములలో జరుగు కథ అది. కాని చిత్రించినవారు ఇండియాకు రాలేదు. లండను సమీపమున ఉన్న పైన్వుడ్ స్టూడియోలోనే, అద్దముపై చిత్రించిన కొండలతో హిమాలయములను సృష్టించినారు. వారు మన దేశమును తమ స్టూడియోలో కట్టుకొన్నట్లు, మనవారు మాంత్రికుని గుహను, పాతాళమును, మాయామహలును వాహినీ స్టూడియోలో కట్టినారు. గోఖలే, కళాధర్ల చిత్రకళ, బార్ట్లే వెలుగునీడలు వానికి ప్రాణము పోసినవి. వారికి ఉన్న రంగుల ఫిల్ము మనకు లేదు. నలుపు తెలుపులతోనే పని జరిగినది. 1952 జనవరిలో బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము ప్రారంభమైనప్పుడు, ఇటలీవారి 'బైసికిల్ థీవ్స్' వంటి చిత్రములు ప్రదర్శింపబడిన ఆ సభలో 'పాతాళభైరవి'కి చోటు దక్కినది.

ఆ కాలమున చిన్న ఊళ్ళకు సినిమా చేరిన విధము నేటి విద్యార్థులకు వింతగా తోచును. గుంటూరునుండి నంద్యాల వైపు పోవు మీటరుగేజి రైలుమార్గము మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు మీదుగా పోవుచుండెడిది. శాశ్వతమైన హాలు లేని ఊళ్ళకు డేరా సినిమాలే దిక్కు. పట్టణములలో ఆడి ఆడి గీతలు పడిన ఫిల్ము రేకుపెట్టెలలో చివరకు డేరాకు చేరెడిది. నేల టిక్కెట్టు, బెంచి టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు. ఒకే యంత్రము ఉన్నచోట ఒక్కొక్క రీలు ముగియగానే దీపములు వెలిగెడివి. అట్టి ప్రదర్శనములో కథ చిక్కుపడినచో ప్రేక్షకునకు అర్థము కాదు. రీలు రీలుకును కథ స్పష్టముగా నిలువవలెను. ఆగినచోట ఇక నేమగునో అను ఆసక్తి మిగులవలెను. వెంకటరెడ్డిగారి చిత్రములకు ఆ గుణము ఉండుట వలననే అవి నగరములోని మేడహాలులోను, పల్లెలోని డేరాలోను ఒకే విధముగ నడచినవి.

1954లో ఆయన మరల వాహినీకి 'పెద్దమనుషులు' తీసినారు. దీనికి ప్రేరణ నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెను వ్రాసిన 'సంఘస్తంభములు' అను అర్థము గల నాటకము. ఊరిలో గౌరవనీయుడుగా చలామణి అగుచు లోలోపల ధర్మమును అమ్ముకొను పెద్దమనిషి కథ అది. ఓడల వ్యాపారి కథను తెలుగు పురపాలక సంఘాధ్యక్షుని కథగా మార్చినారు. డి. వి. నరసరాజు మాటలు వ్రాసినాడు. పోతన చిత్రములో శ్రీనాథుడైన గౌరీనాథశాస్త్రియే ఇందులో చైర్మను. స్వాతంత్ర్యము వచ్చి ఏడేండ్లయిన ఆ సమయమున, స్థానిక సంస్థల అధికారము ఎవరి చేతికి పోవుచున్నదో ఎరిగిన ప్రజలకు ఇది నార్వే కథ అని అనిపించలేదు. తమ వీధి కథ అనియే తోచినది. తెలుగులో ఉత్తమ చిత్రముగా దానికి రాష్ట్రపతి రజత పతకము లభించినది.

ఆయన పనిచేసిన పద్ధతిని గూర్చి ఆయనతో ఉన్నవారు చెప్పుకొన్న సంగతులు ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా ఉపయోగపడును. కథ పూర్తిగా సిద్ధమై, ప్రతి మాట కాగితముపై స్థిరపడిన పిదపనే చిత్రీకరణ. సన్నివేశమును నటులతో చదివించి, స్టాపువాచి పట్టుకొని, అది ఎన్ని నిమిషములు, ఎన్ని సెకండ్లు పట్టునో గుర్తించుకొనెడివారు. చిత్రము ముగిసిన తరువాత దాని నిడివి ఎంత ఉండునో ఆరంభించుటకు ముందే ఆయనకు తెలియును. భౌతికశాస్త్ర విద్యార్థియు, కాషియరును, కథకుడును ఆ గడియారములో కలిసినారు. పాఠము చెప్పబోవు ముందు గంటలో ఏ భాగమునకు ఎంత సమయమో నిర్ణయించుకొను ఉపాధ్యాయునకు, ఆయనకు పెద్ద భేదము లేదు. కొలత కళను చంపునను వాదము ఒకటి కలదు. వెంకటరెడ్డిగారి చిత్రములు దానికి సమాధానము.

ఆ సమాధానములలో గొప్పది 1957 మార్చి 27న వెలువడిన 'మాయాబజార్'. ఈ మారు కథ పరదేశము నుండి రాలేదు. శశిరేఖా పరిణయము మన నాటక సమాజములు ఊరూర ఆడిన కథ. అంతకుముందు చిత్రముగాను వచ్చినది. అందరికి తెలిసిన కథను మరల చెప్పుటలోని కష్టము, తెలియని కథను చెప్పుటలోని కష్టము కంటె ఎక్కువ. వెంకటరెడ్డిగారు భారతకథలో పాండవులను తెరమీదికి తీసికొని రాకుండనే కథ నడిపినారు. ద్వారక, హస్తిన, ఘటోత్కచుని ఆశ్రమము, వీనితోనే కథ ముగిసినది. ఆస్తి పోయిన బంధువునకు ఇచ్చిన మాట తప్పి, ఉన్నవానికి పిల్లనిచ్చు పెద్దల బుద్ధి తెలుగు ఇండ్లలో కొత్తది కాదు. దేవతలు, రాక్షసులు ఉన్న ఆ చిత్రము మన పెండ్లిండ్ల కథ అగుట అందువలననే. రంగారావు ఘటోత్కచుడు, సావిత్రి శశిరేఖ, రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అభిమన్యుడు. నలుపు తెలుపులలో బార్ట్లే పట్టిన వెన్నెల నేటికిని ఛాయాగ్రాహకులకు పాఠము.

తరువాతి కాలము ఆయనకు అంత అనుకూలముగ లేదు. 1961లో 'జగదేకవీరుని కథ' విజయవంతమైనది. 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధము' వచ్చినది. 1965 నాటి 'సత్య హరిశ్చంద్ర' ఆశించిన ఆదరణ పొందలేదు. 1968లో వచ్చిన 'ఉమాచండీ గౌరీశంకరుల కథ', 'భాగ్యచక్రము' రెండును నిరాశ కలిగించినవి. ప్రేక్షకులు మారినారు, రంగులు వచ్చినవి, కథనములో వేగము పెరిగినది. ఒకనాడు కాలమును గడియారముతో కొలిచినవారిని కాలమే దాటిపోవుచున్నట్లు కనిపించినది. నిర్మాతలు ఆయన గుమ్మము త్రొక్కుట తగ్గినది. ఆ సమయమున, 'పాతాళభైరవి'తో తారాపథమునకు ఎగసిన రామారావు తన సంస్థ చిత్రమునకు ఆయననే దర్శకునిగా పిలిచినాడు. 1971లో వచ్చిన ఆ 'శ్రీకృష్ణ సత్య'యే ఆయన చివరి చిత్రము. 1972 సెప్టెంబరు 15వ తేదీన వెంకటరెడ్డిగారు మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు అరువది సంవత్సరములు మాత్రమే.

2010లో 'మాయాబజార్'కు యంత్రసహాయమున రంగులు వేసి మరల హాళ్ళలో విడుదల చేసినారు. దర్శకుడు గతించి ముప్పది ఎనిమిదేండ్లయినను, తాతలు మనుమలను వెంటబెట్టుకొని వెళ్ళి చూచినారు. రంగులు క్రొత్తవి, జనమును కూర్చుండబెట్టినది మాత్రము పాత కథాక్రమమే.

ఆయన జీవితమునుండి మనము గ్రహింపవలసినది ఒకటి ఉన్నది. పరభాషా సాహిత్యమును చదువుట వేరు, దానిని మన జీవితముతో కలుపుకొనుట వేరు. లియర్ నాటకమును పరీక్షకొఱకు చదివి మరచిపోవువారు ప్రతి ఏటను వేలమంది. దానిలోని ఒక్క చిన్న అంశమును పట్టి, మన ఇంటి గడపలోనికి తెచ్చి, అక్షరము రానివారికి సైతము అందించినవారు ఒకరు. మార్కాపురములోగాని, గిద్దలూరులోగాని ఉన్నత పాఠశాలలో లియర్ కథ చెప్పు ఉపాధ్యాయులు, ఆ పాఠముతోపాటు 'గుణసుందరి కథ'ను కూడ విద్యార్థులకు చూపవచ్చును. రెండు కథలలో ఏది మారినది, ఏది మారలేదు, ఎందుకు మారినది అని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు పిల్లలు వెదకు జవాబులో సాహిత్యము, సంఘము, చలనచిత్రము మూడును ఒక్కచోట కలియును. వెంకటరెడ్డిగారికి అంతకు మించిన స్మారకము అక్కరలేదు.